ఏడు గ్రాములు

పళ్ళు తోముకునే బ్రష్షుని
మాంసం కోసే కత్తితో సగానికి కోశాడు తఖీ.
"ఏడు గ్రాములు తగ్గింది" అన్నాడు
ఏదో అప్పు తీరినట్టు.

నాకు నవ్వాగలేదు.
పదకొండు వేసవులు
పరాయివాళ్ళ తాళ్ళూ, గ్యాసు సిలిండర్లూ, మడత కుర్చీలూ,
ఒక ఏడాదైతే
ఎవరిదో పుట్టినరోజు కేకూ
వీపున మోసుకెళ్ళిన మనిషి
గ్రాములు లెక్కపెడుతున్నాడు.

"అవి వాళ్ళ బరువులు, బతూల్.
కిలోకి ఇంతని ఇచ్చేవాళ్ళు.
ఇది నాది. దీనికి నేనే ఇచ్చుకోవాలి."

ఆ శీతాకాలమంతా
గోనెసంచిలో రాళ్ళు నింపుకుని
పశువుల కొట్టం మెట్లు ఎక్కాడు, దిగాడు, ఎక్కాడు.
మొదట్లో ఆవు తలెత్తి చూసేది.
తర్వాత అదీ మానేసింది.
కూలి లేకుండా కొండెక్కేవాడు ఎక్కడైనా ఉంటాడా
అని ఊళ్ళో ఆడవాళ్ళు అడిగితే
గిన్నెలు గట్టిగా తోమాను.
నాకూ అదే ప్రశ్న.

అయినా ఖుబానీ గింజలు పగలగొట్టి
పప్పు మూటగట్టాను.
ఎవరో కింది శిబిరంలో వదిలిన బూట్లకి
లోపల రెండు పొరలు ఉన్ని కుట్టాను.
అవి ఆయన రెండో జత.
మొదటి జత పైనే ఉంది,
కాళ్ళతో సహా.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు తఖీ,
అంతే.

మ్యాపులో ఆ కొండకి ఒక అంకె ఉంది.
మేం గంగ్రి అంటాం,
మంచున్న ప్రతి కొండనీ అన్నట్టే.

తర్వాతది నేను చూడలేదు.
పొయ్యి దగ్గర, చిట్లిన పెదాలతో
ముక్కలు ముక్కలుగా తను చెప్పిందే.

మూడో శిబిరం దాకా కాళ్ళకి దారి తెలుసు.
ఆపైన ఏమీ తెలియదు.
నాలుగడుగులు.
ఆగి, మంచుగొడ్డలికి నుదురానించి,
చేబదులు తీసుకుపోయినవాడి కోసం చూసినట్టు
ఊపిరి కోసం చూడడం.
మళ్ళీ నాలుగు.
తర్వాత మూడే.
వెనక తాడు చివర చిన్నాన్న కొడుకు అస్కర్.
మాట లేదు, మాటకి ఖర్చుపెట్టే గాలి లేదు.
"ఒకచోట అమ్మ కాచే ఉప్పు టీ వాసనొచ్చింది.
అమ్మ పోయి తొమ్మిదేళ్ళు.
అస్కర్‌కి చెప్పలేదు,
చెబితే కిందికి లాక్కుపోతాడు."

మరి పైన?

ఇద్దరు పట్టేంత చోటు. గాలి.
చలికి ఫోను చచ్చిపోయింది, ఫొటో లేదు.
"వీపు మీద ఏమీ లేదు, బతూల్.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
కాసేపు జేబుల్లో పెట్టుకున్నా,
బస్సు కోసం నిలబడ్డట్టు."

ఏం కనిపించిందన్నాను.
"దిగాల్సిన దారి."

ఎడమకాలి చిటికెనవేలు నల్లబడింది.
స్కర్దూ డాక్టరు తీసేశాడు.
ఎన్ని గ్రాములుంటుందో అన్నాడు తఖీ.
ఈసారి తనొక్కడే నవ్వాడు.

జూన్ వచ్చింది.
కాటా దగ్గర మళ్ళీ వరసలో నిలబడ్డాడు.
ఇరవై ఐదు కిలోలు, ఎవరివో.
కొక్కేనికి వేలాడుతున్న మూటని కాదు
దాని వెనక కొండని చూస్తున్నాడు,
బాకీ ఎవరు ఎవరికో
ఇంకా తేలనట్టు.

సగం బ్రష్షు మాత్రం వెంట తీసుకెళ్ళలేదు.
మా చిన్నది నర్గిస్ ఇవ్వనంది.
దాని పిడికిటికి
అది సరిగ్గా సరిపోయింది.