ఎర్ర చుక్క

ఈ గదిలో ముప్ఫై ఏళ్లు చెప్పులు కుట్టారు.
నాలుగుసార్లు సున్నం కొట్టించినా
వాన పడితే తోలు వాసన లేచి కూర్చుంటుంది.
తిబిలిసీలో, సొలొలాకీ వాలులో,
ఏడు మెట్లు దిగితే వచ్చే నేలమాళిగ.
వీధిలో నడిచేవాళ్ల మోకాళ్లు మాత్రమే కనబడే కిటికీ.

కరెంటు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం మానేసి
ఇక్కడ బొమ్మలు వేలాడదీస్తానంటే
అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.
"నువ్వు గీస్తావా?"
లేదు.
"మరి?"
అమ్ముతాను.
"అంటే దళారివన్నమాట"
అని గ్లాసు మళ్లీ ఎత్తుకుంది.

ఎంత ఎత్తులో మేకు కొట్టాలో నేర్చుకున్నాను.
నా కంటికి కాదు, వచ్చేవాడి కంటికి.
ధర చెప్పాక నోరు మూసుకోవడం నేర్చుకున్నాను,
అన్నిటికన్నా అదే కష్టం.
సగం నీకు సగం నాకు అని కాగితం రాసుకుంటాం.
నా సగంలోంచి అద్దె, బల్బులు,
మొదటిరోజు వచ్చి తాగి
ఒక్క బొమ్మా చూడకుండా వెళ్లేవాళ్ల వైను.
మిగిలేది ఒక నెల రొట్టె,
ఒక నెల రొట్టె వాసన.

తెక్లా బొమ్మల్ని మూడేళ్లు
నా గొడుగు వాటికి పట్టి, నేను తడుస్తూ మోశాను.
బెర్లిన్ నుంచి ఎవరో పెద్ద గ్యాలరీవాళ్లు వచ్చారు.
"మొదట చూసింది నువ్వే" అంటూ కావలించుకుంది.
మొదట చూసినందుకు వాటా ఉండదు
మా కాగితంలో.

తర్వాత శాల్వా.
డెబ్భై నాలుగేళ్లు. ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపాడు.
ఊళ్లో ఆ తీగలు పీకేశాక గీయడం మొదలుపెట్టాడు,
ట్రాలీబస్సులే, మనుషులు లేనివి,
లోపల దీపాలు వెలుగుతున్నవి.
పదమూడు రోజులు ఎవరూ కొనలేదు.
రోజూ సాయంత్రం అదే కోటులో వచ్చి
బల్ల మీద కూర్చుని, ఏమీ అడగకుండా,
పేరు కాగితాల పక్కన ఎర్ర చుక్కలు వెతుక్కునేవాడు.
ఇంటికెళ్లి నేనూ రాత్రంతా
చుక్కలు లెక్కపెట్టేదాన్ని.

పద్నాలుగో పొద్దున
ఎర్ర కాగితం కత్తిరించి, నాలుకతో తడిపి
మంచులో ఆగిన తొమ్మిదో నంబరు బస్సు పక్కన
అంటించాను.
అతని సగం నా పర్సులోంచి తీసి కవరులో పెట్టాను.

చూశాడు. టోపీ తీశాడు.
"ఎవరు?"
పేరు చెప్పొద్దన్నారు.
"ఏ గోడకి పెడతారట?"
ఆలోచించుకోలేదు ఆ ప్రశ్నకి.
వంటింట్లో, కిటికీ ఎదురుగా, అన్నాను.
తల ఊపి, కవరు లెక్కపెట్టకుండా జేబులో దోపుకున్నాడు.
ఆ రాత్రే మా వంటింట్లో మేకు కొట్టాను,
అబద్ధం మరీ అబద్ధం కాకుండా.

మూడు రోజులకి బాతుమీ నుంచి
పళ్ల డాక్టరొకావిడ వచ్చింది.
అన్నీ చూసి అక్కడే ఆగిపోయింది.
"మా అమ్మ తొమ్మిదో నంబరులోనే టిక్కెట్లు కోసేది. ఇది కావాలి."
అమ్ముడుపోయింది, అన్నాను.
రెట్టింపు ఇస్తానంది.
అమ్ముడుపోయిందండీ.
మెట్లెక్కి వెళ్లిపోయింది.
కిటికీలో ఆమె మోకాళ్లు రెండడుగులు వేసి
ఆగాయి.
నేను పరిగెత్తాను.

శాల్వాకి మిగతా డబ్బు ఇస్తూ
కొన్నాయన మనసు మార్చుకున్నాడని మొదలుపెట్టాను.
"ఆయన కాదు, ఆవిడ" అన్నాడు.
"చుక్క గుండ్రంగా లేదు తల్లీ,
నీ కత్తెర మొండిది. మొదటి రోజే తెలుసు."
మరి గోడ గురించి ఎందుకడిగారు?
"నీ ఇంట్లో నా బస్సు ఎక్కడ ఆగుతుందో
తెలుసుకోవద్దా?"

అద్దె కట్టాను. కొత్త కత్తెర కొనలేదు.
వంటింటి మేకు అలాగే ఉంది,
ప్రస్తుతానికి దానికి
తడి గొడుగు తగిలిస్తున్నాను.