వాన వీధి

పాకాల కాడ బస్సు దిగి
ఆటో మాట్లాడుకోని వస్తారు.
ఫోన్లో పాట ఆపి, బొమ్మ చూపించి
"అక్కా, ఆ వాన వీధి ఇదేనా?" అంటారు.

ఇదే నాయనా.
కరెంటు స్తంభం కాణ్ణించి
రంగప్ప రేషనంగడి దాకా.
అంతవరకే కురిసింది.
అవతల చుక్క పడలా.

హీరో హీరోయిన్ తడిసిన మెట్లు
మా పెద్దత్తవి.
వాటి మీద జంటలు జంటలుగా కూచుంటారు,
తల వెనక్కి వాల్చి కండ్లు మూస్తారు,
మిట్టమధ్యాన్నం ఎండలో
మొహాన చినుకు పడతా ఉన్నట్టు.
నెల్లూరు పిల్లోడొకడు ఈ పొద్దు
ఎర్ర గొడుగు గూడా తెచ్చుకున్నాడు.

నేను అన్నీ చెప్పను.
బోర్లు ఎండిన మూడో ఏడు అది.
పిందె పట్టిన టమోటా తోటను
మా ఆయన మేకలకు వొదిలేసినాడు.
వారానికొక ట్యాంకరు, ఇంటికి ఆరు బిందెలు,
ఏడో బిందె కాడ
నేనూ మా తోడికోడలు సుగుణా
జుట్లు పట్టుకున్నాం.

అట్టాంటి ఊర్లోకి
చిత్తూరు నించి నాలుగు ట్యాంకర్లు, ఒకే దినం.
పైపులు ఆకాశానికి ఎత్తినారు.
మునెమ్మవ్వ చెప్పులు విడిచి దండం పెట్టింది.
"సైలెన్స్" అన్నాడు టోపీ ఆయన.
నీళ్ళు కాలవ పాలు అవతా ఉంటే
సైలెన్సుగా ఎట్టుంటాం సామీ?

కెమెరా కంటికి ఆనకుండా
గోడ వారన నక్కినాం పద్దెనిమిదిమందిమి,
బిందెలు, బకెట్లు, దోసెపిండి గిన్నెలు.
చూరు ధార కింద పెట్టినాం.
ఆ యమ్మి అడుగు తప్పింది, మళ్ళీ అన్నారు.
మళ్ళీ తప్పింది.
చలికి పెదాలు నల్లబడినాయి పాపం,
మేము మటుకు లోలోపల
ఇంకొక్కసారి తప్పు తల్లీ అని
మొక్కుకుంటా ఉండాం.

ఏడు టేకులు.
నాకు పదకొండు బిందెలు.
ఆ రాత్రి సంగటికి తుప్పు వాసన,
అయినా కుండ నాకినారు పిల్లోళ్ళు.

పాటలో రెండో చరణం కాడ,
ఎడమ పక్క, అడుగున,
రెప్పపాటు ఒక పచ్చ అంచు మెరస్తాది.
నా బిందె అది.
ఇంతవరకు ఎవురికీ చూపించలా.

ఫోటోలు అయినాక దప్పికేస్తాది వాళ్ళకి.
మా అంగట్లో కూలింగు బాటిలు ఇరవై రూపాయలు.
నెల్లూరు పిల్లోడు రెండు గుటకలు మింగి
మిగిలింది నెత్తిన కుమ్మరించుకున్నాడు,
ఫోటోకి వాన మాదిరి ఉండాలని.

చిల్లర లెక్కపెడతా ఉండిన నా చెయ్యి
దానంతటదే
ఆ గడ్డం కిందికి
దోసిలి అయ్యింది.