ఆరున్నొకటి

ఫిషింగ్ హార్బరులో తెల్లారి అయిదింటికి
కోనాం చేపల గంప దగ్గర
ఎవరో లెక్కపెడుతున్నారు:
"లాభం, రెండు, మూడు..."
నేను పీతల బేరంలో ఉన్నాను.
"...ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది"

చేతిలో చిల్లర జారింది.

ఆ అంకె నోట పలకని మనిషి మా అమ్మమ్మ.
పలికితే ఇంటికి ఏడుపొస్తుందని
మెట్లకీ, మందుబిళ్ళలకీ, నా పుట్టినరోజుకీ
ఆరున్నొకటే.
పరదీపు బోటెక్కి పోయిన చిన్నకూతురి పేరునీ
ఆ తర్వాత అలాగే దాటేసేది.

ఐసు కరిగిన నీళ్ళలో నిలబడి
ముందు ఆమె చేతుల్నే చూశాను,
మొహం చూడ్డానికి ధైర్యం చాలక.
బొటనవేలు ఒక్కో చేపనీ నొక్కి వదులుతోంది,
నిద్రపోయిందో లేదో చూసినట్టు.

"నూకరత్నం పిన్నీ."

తలెత్తలేదు.
"ఎవులి గుంటవే?"
"పైడమ్మ కూతుర్ని."
పన్నెండో చేప దగ్గర లెక్క ఆగింది.
పాటగాడు ఇంకో గంపకి వెళ్ళిపోయాడు.
"అమ్మ ఉన్నాదా?"
లేదన్నాను.
"ఎన్నేళ్ళయినాదే?"

ఆరున్నొకటి అనబోయాను,
అమ్మమ్మ మీద గౌరవం కొద్దీ.
ఆమె అప్పటికే నా నోటివైపే చూస్తోంది.

"ఏడు" అన్నాను.

గంప అంచు పట్టుకుని కూలబడింది.
వెనక ఐసు లారీ,
తప్పుకోమని ఒకటే హారను.