సున్నా యాడ పెట్టాల

ఆదివారం. తర్లుపాడు హైస్కూల్లో
కంప్యూటర్ గది తాళం నా దగ్గరుంది.
తొమ్మిది యంత్రాలు. ఆరింటికే ప్రాణముంది.
దానమిచ్చిన కంపెనీ వాటిలో
వేరే డెస్క్‌టాప్ ఎక్కించి పోయింది.
మా లెక్కల సాఫ్ట్‌వేర్ దాన్లో తెరుచుకోదు.

ఎవరో రాసి ఊరికే ఇచ్చారు దాన్ని.
తీసుకో, విప్పు, మార్చు,
మార్చింది దాచకుండా తర్వాతివాళ్లకివ్వు
అని మొదటి ఫైలు నెత్తినే రాసుంది.
ఆయన పేరు తెలుసు, ముఖం తెలీదు.
లోపల ఒకచోట, కోడు పక్కన చిన్న మాట:
"ఇదెందుకు పనిచేస్తుందో నాకూ తెలీదు, కదిలించొద్దు."
కదిలించాను.

మా అమ్మ ఓబులమ్మ ఇరవై రెండేళ్లు
మార్కాపురంలో పలకలకి చట్రాలు బిగించింది.
గనిలోంచి పొరలుపొరలుగా లేచొచ్చే రాయి ఒకటే.
చట్రం మాత్రం ఆర్డర్నిబట్టి:
రేకు మూలలో, రంగు చెక్కో,
ఎగుమతి సరుకైతే పూసల తీగో.
"బిగువెక్కువైతే పగుల్తాది, తక్కువైతే జారతాది"
అనేది, సుత్తిదెబ్బకి నల్లబడ్డ బొటనవేలు ఊదుకుంటూ.
నా పనేందో ఆమెకి చెప్పబోతే
"చట్రం మారుస్తుండావు గదా" అంది,
రెండో మాట లేకుండా.

అంత తేలికేం కాదమ్మా.
మెనూలు పాత డెస్క్‌టాప్‌నే పేరుపెట్టి పిలుస్తున్నాయి,
ఇక్కడ పలికే దిక్కు లేదు.
ఇరవై మూడు బటన్లు మళ్లీ గీశాను.
భిన్నం గీత అంకెల నడుమ నిలవక
అంకెల మీదుగా పోయింది, కొట్టేసిన లెక్కలాగా.
వర్గమూలంలో రకారం, గకారం విడిపోయి
అలిగిన తోడికోడళ్లలా
ఎడమొహం పెడమొహంగా కూచున్నాయి.
నాలుగొందల పన్నెండో లైన్లో తప్పు.
అది తీస్తే పదకొండు తప్పులు.
మూడు రాత్రుల తర్వాత
ఏమీ చెప్పకుండా తెరుచుకుంది.

వై సమానం ఎక్స్ వర్గం, గీయమన్నాను.
దోసిలిలా పైకి విచ్చుకోవాల్సిన పరావలయం
బోర్లించిన చట్టిలా పడింది.

కాసేపటికి అర్థమైంది.
పాతదానికి సున్నా కింది మూల,
అంకెలు పైకెక్కుతాయి.
కొత్తదానికి సున్నా నెత్తిన,
లెక్కంతా కిందికే.

తలుపు దగ్గర నగీనా.
ఎనిమిదో తరగతి. సెలవైనా వస్తుంది,
ఇక్కడ ఫ్యానుంది కనుక.
వాళ్ల నాయన సిలార్ది బోరు బండి మీద పని.
గోడకి చెప్పినట్టు ఆ పిల్లకి చెప్పాను సంగతి.

"సున్నా యాడ పెట్టాల మరి?
మా నాయన నేల మీదనే పెడతాడు టీచర్.
మూడొందలు, ఆరొందలు, తొమ్మిదొందలు,
లోపలికి పోయేకొద్దీ పెద్ద అంకె.
పెద్ద అంకె వచ్చే కొద్దీ
ఆ రైతు ఇంట్లో ఎవురూ మాట్లాడరు."

నేనూ మాట్లాడలేదు.
నా మండలం లెక్క
ఈ తెరకి ఎవరు చెప్పారో!

సరిచేయడానికి ఒక్క మైనస్ గుర్తు చాలు.
పెట్టాను. చట్టి వెల్లకిలా తిరిగింది.
కానీ తిరగేసిన అక్షాన్ని పారేయబుద్ధి కాలేదు.
మెనూ అడుగున ఓ చిన్న గడి పెట్టాను,
టిక్కు పెడితే సున్నా పైకి పోతుంది,
వై కిందికి పెరుగుతుంది.
పేరు నగీనానే పెట్టింది: బోరు లెక్క.

మార్పులన్నీ కట్టగట్టి
ముఖం తెలియని ఆయనకే పంపాను.
అదొక్కటీ ఏమిటని అడుగుతాడు కాబోలు.
ఎట్లా చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

నగీనా ఎలుక పట్టుకుని
నిన్న తర్లుపాడు పొలాల్లో
వాళ్ల నాయన దించిన అడుగులు ఎక్కించింది.
ఎనిమిదొందల డెబ్భై.
తెర చాల్లేదు.
చుక్క కోసం కిందికి జరుపుతోంది,
ఇంకా జరుపుతోంది.
నీళ్లు పడ్డాయా అని
నేనడగలేదు.