అయిదు గదులు

కాలిస్పెల్ ఊరి బయట, పాడుబడ్డ కంకర క్వారీలో
శనివారం పొద్దున.
ఎక్స్‌రే గదిలో మణికట్ల నీడలు తీసే నేను
అవి ఎక్కడ విరుగుతాయో చూద్దామని వచ్చాను.

వెర్నా లిండ్‌క్విస్ట్‌కి అరవై ఎనిమిదేళ్లు.
నేను బొట్టు పెట్టుకునే చోట ఆమెకి గాటు.
"ఇదా? మొదటి మొగుడు నేర్పిన మొదటి పాఠం.
పట్టుకో అన్నాడు, ఎలాగో చెప్పలేదు.
కెమెరా మాత్రం సిద్ధంగా పెట్టుకున్నాడు."

చెవుల్లో నురగ బిరడాలు, వాటి మీద చిప్పలు.
ఆమె మాట నూతి అడుగు నుంచి వస్తోంది.
బల్ల మీద రివాల్వర్
నెలలు నిండని బిడ్డంత బరువు.

"చక్రానికీ గొట్టానికీ నడుమ ఈ సందు చూశావా?
వెంట్రుక పట్టేంత.
ఇటు వేలు రానీకు. నిప్పు పక్కకీ చిమ్ముతుంది.
అపాయం ముందువైపే ఉందనుకుంటారు అందరూ."

పోయిన జూలైలో వచ్చిన కుర్రాడు గుర్తొచ్చాడు.
బొటనవేలు గోరు దాకా మసి,
చీలిన చర్మం.
బయట బెంచీ మీద స్నేహితులు
వీడియో మళ్లీ మళ్లీ చూస్తూ నవ్వు ఆపుకుంటున్నారు.

అయిదు గదులు. ఒక్కదాంట్లోనే తూటా పెట్టింది.
నేను అడగలేదు, తనే చెప్పింది:
దెబ్బకి చెయ్యి లేస్తుంది.
తుపాకి జారిపోతుందేమోనని
బెదిరిన వేలు ఇంకా బిగుస్తుంది.
రెండోది నువ్వు పేల్చవు, అదే పేలుతుంది.
అప్పటికి గొట్టం
ఆకాశాన్ని చూస్తుంటుందో, నిన్నే చూస్తుంటుందో.

చక్రం తిప్పి, నాకు కనబడకుండా మూసి, చేతికిచ్చింది.
మోచేతులు బిగించాను. ఒళ్లు ముందుకి వాల్చాను.
నొక్కాను.

టక్.

మోత లేదు, దెబ్బ లేదు.
అయినా గొట్టం ముక్కు నేలకి వంగింది,
తప్పు చేసిన పిల్లలా.
వెర్నా నవ్వలేదు.
"అది నీ భయం. తూటా పేలితే
ఆ పొగలో దాక్కునేది."

మళ్లీ టక్. మళ్లీ వంగింది.
మూడోసారి కాస్త తక్కువ.
నాలుగోసారి
కొండ నా అరచేతుల్లో ఒక్కసారి తుమ్మింది.
కాగితం గురి ఎక్కడ చిరిగిందో చూడలేదు,
నా నుదురు తడుముకున్నాను ముందు.

ఇంకోటి పెట్టనా అనలేదు ఆమె.
నేనూ అడగలేదు.

సోమవారం, ఎవరో ముసలాయన ఛాతీ ముందు పలక సర్దుతూ
"ఊపిరి బిగబట్టండి, కదలకండి" అన్నాను.
ఆయన కదల్లేదు.
మీట మీద నా వేలే
రవ్వంత కిందికి వంగింది.