ఒకటి పాయింటు నాలుగు

సోంపేటలో పొద్దున్నే కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి దగ్గి అందుకున్నాక
మళ్ళీ యంత్రంలో వేశాను దోర్కమ్మ నెత్తురు.
ఒకటి పాయింటు నాలుగు.
క్రిస్మస్ ముందు, ఇదే బల్ల మీద, ఇదే చేత్తో
ఆరు పాయింటు రెండని రాసింది నేనే.

డాక్టరుగారు చీటీ చూడలేదు, నన్ను చూశారు.
"ఎవరి శాంపిలు ఎవరికి అంటించేవు?"
గొట్టాలన్నీ బయటికి తీశాం. రిజిస్టరు వెనక్కి తిప్పాం.
కొత్త మందు పోసి మూడోసారి పెట్టాను.
ఒకటి పాయింటు మూడు.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు,
తప్పంతా దానిదే అన్నట్టు.

బయట బెంచీ మీద ఆవిడ.
రోజూ ఆటోలో పలాస పోయి
జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడ్డ వేళ్ళు,
గీతలు చెరిగిపోయిన వేళ్ళు.
పింఛను మిషను ఆ వేళ్ళని గుర్తుపట్టక
మూణ్ణెల్లు ఆవిణ్ణి లేదంది.
"ఆ మిసను నేదన్నాదని నాను నేకపోయానేటి బాబూ?
ఇప్పుడు నీ మిసను బాగుందన్నాదని..."
మాట సగంలో ఆపి
సంచిలోంచి ఉడకేసిన చిలగడదుంప తీసి
నా రిజిస్టరు పక్కన పెట్టింది.

మా ఉద్దానానికి నీళ్ళ కోసం వస్తారు.
విశాఖపట్నం నుంచి, ఢిల్లీ నుంచి, దేశం కాని దేశం నుంచి
ఖాళీ సీసాలు పట్టుకుని.
బోరునీళ్ళు, బావినీళ్ళు, కొబ్బరిమొదట్లో మట్టి.
సిలికా అన్నారు, పురుగుమందన్నారు,
ఎండన్నారు, నొప్పిబిళ్ళలన్నారు, వంశమన్నారు.
నేను చదివిన ప్రతి కాగితం చివరా అదే మాట:
కారణం ఇంకా తెలియదు.
దోర్కమ్మకి ఇదొక వేళాకోళం.
"కానా పెళ్ళిలో ఆరంటే ఆరే బానలు.
ఈలు ఎన్నేసి సీసాలు నింపినారో!
ఇంకా ద్రాచ్చారసం అవనేదేటి?"

నవ్వాను. రాత్రి బస్సులో మాత్రం నవ్వు రాలేదు.
మనిషి ఎందుకు పడిపోయాడో తెలియకపోతే పరిశోధన అంటాం,
ఎందుకు లేచాడో తెలియకపోతే
పొరపాటు అంటాం.
రెండూ ఒకే తెలియకపోవడం కదా.
ఒకదానికి నిధులొచ్చాయి.
ఒకదానికి నాకు తిట్లొచ్చాయి.

అంతవరకూ బాగానే ఉంది, ఆసాపు గుర్తొచ్చేదాకా.

అదే తాటాకు పందిరి, అదే ఉపవాస శుక్రవారం,
అదే నూనె, పాస్టరుగారి అదే అరచెయ్యి.
పాటలకి డోలకు వాయించే కుర్రాడు. ఇరవయ్యారేళ్ళు.
చివరి లెక్క పదకొండు పాయింటు తొమ్మిది.
అదీ నేనే రాశాను.
వాళ్ళ నాన్న సీమోను ఆదివారాలు మానలేదు.
వెనక వరసలో కూచుని
కొడుకు డోలకు ఒళ్ళో పెట్టుకుంటాడు.
వాయించడు. ఎవరైనా అడిగితే ఇవ్వడు.

పైన కూడా ఒక ల్యాబుంటే,
ఎవరి శాంపిలు ఎవరికి అంటించేవని
అక్కడ అడిగే డాక్టరెవరు?

పాస్టరుగారు చీటీ జిరాక్సు అడిగారు, పందిట్లో చదవడానికి.
డాక్టరుగారు ఫైలు అడిగారు, మూసెయ్యడానికి.
"అప్పుడేదో తాత్కాలికంగా దెబ్బతిని ఉంటుంది, తేరుకుని ఉంటుంది."
అయ్యుండొచ్చు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.
కానీ ఆ "ఉంటుంది"ని
పందిట్లో ఆమేన్ అన్నట్టే అన్నారు.

వెళ్ళేముందు దోర్కమ్మనే అడిగాను, ఏం జరిగిందమ్మా అని.
"నాకేటి తెలుసు బాబూ. కాళ్ళవాపు తీసీసింది. ఆకలేసింది.
సాచ్చెం సెప్పమన్నారు, లేసి నిలబడ్డాను.
ఎనక సీమోను కనపడ్డాడు.
ఏసయ్యకి వందనాలని కూకుండిపోనాను."

దుంప చల్లారిపోయింది. అయినా తిన్నాను.
రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను, చుక్క కూడా పెట్టకుండా.
వరసలో తర్వాతి గొట్టం సీమోనుది.
పేరు రెండుసార్లు చదివి అంటించాను.
యంత్రం తిరుగుతోంది.