ఏడో మెట్టు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
తెల్లారుజామున నాలుగున్నరకి
రిజిస్టర్లో అంకె వేస్తాను: ఆరు డిగ్రీలు.
సరిగ్గా అప్పుడే, ఎక్కడో సాయంత్రం పూట,
టోపీ మీద కొంగ బొమ్మ ఉన్న నా జట్టు
మైదానంలోకి దిగుతుంది.

నా జట్టు అంటున్నాను.
ఆ ఊరి పేరు సరిగ్గా పలకడం కూడా రాదు నాకు.
ఆ బంతి బరువెంతో తెలీదు.
మిర్చి టిక్కీ బరువైతే తెలుసు.

ఇక్కడ సిగ్నల్ ఒక్క గీతే.
అదీ పై అంతస్తుకెళ్లే ఇనుప మెట్ల మీద, ఏడో మెట్టు దగ్గర.
బొమ్మ రాదు, తిరిగి తిరిగి ఆగిపోతుంది.
మాటలొస్తాయి.
అందుకని నేను ఆట చూడను,
ఆట చూస్తున్నవాళ్లని చదువుతాను.

ఒకడు కొట్టాడు అంటాడు.
ఇంకొకడు పోతోంది, పోతోంది అంటాడు.
తర్వాత ఎవరూ ఏమీ అనరు.
ఆ నిశ్శబ్దంలో బంతి ఎంత ఎత్తున ఉందో
మెట్టు మీద కూచుని కొలుస్తాను.
ఆపైన యాభై మంది ఒక్కసారే తిట్టుకుంటారు.
పట్టేశాడన్నమాట.

కప్ప బొమ్మ పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు,
బస్సు నడిపి రిటైరయ్యాడట.
నాకు ఆట నేర్పింది ఆయనే.
నాలుగు చెడ్డ బంతులు ఓపిగ్గా వదిలేస్తే
కొట్టకుండానే నడిచి వెళ్లొచ్చన్నాడు.
ముందున్నవాణ్ణి ఒక మూల జరపడానికి
కావాలని అవుటయ్యేవాడికి
లెక్కలో వేరే గడి ఉందన్నాడు.
దొంగతనం కూడా రాసిపెడతారట, మెచ్చుకుంటూ.
తప్పు చేస్తే అదీ బోర్డెక్కుతుందట, పరుగుల పక్కనే.
నాకు నచ్చింది మాత్రం ఇది:
బయల్దేరిన చోటికి తిరిగొస్తేనే పరుగు.
మూడో మూలదాకా వెళ్లి నిలబడిపోతే
సున్నా.

ఖాశింపీరా టీ ఫ్లాస్కుతో వస్తాడు.
"క్రికెట్టా?"
"కాదు మామా."
"మనోళ్లు ఆడతారా?"
"ఆడరు."
"పందెం కాశావా?"
"లేదు."
టీ పోసి, నా మొహం ఒకసారి చూసి,
"మరి నీకేం రోగంరా బాజీ" అని
తుమ్ముకుంటూ వెళ్లిపోతాడు.
తేజ రకం ఘాటు, అలవాటు పడ్డవాణ్ణీ వదలదు.

మొన్న జూన్లో, వరసగా పదకొండో ఓటమి నాడు,
చివరి ఇన్నింగ్సు, ఇద్దరు అవుటు, మూడు మూలల్లోనూ మనుషులు.
మావాడు గాలిని కొట్టాడు.
ఇంగ్లీషు వెతుక్కునే తీరిక లేదు.
వేలు దానంతటదే కొట్టింది:
అయ్యో.

ఆ గుండ్రటి గీతలేమిటని కప్ప అడిగాడు.
ఎలా చెప్పను?
పాలు పొంగిపోయినా అదే,
పక్కింటాయన పోయినా అదే,
చంటిది పడితే ఎత్తుకునేలోపు నోట్లోంచి వచ్చేదీ అదే.
ఓడినవాణ్ణి ఏమీ అనకుండా
ఓటమిని మాత్రం తాకే మాట.
ఇంత రాయడం చేతకాక
మేం ఓడినప్పుడు ఇలా అంటాం అని రాశాను.

మర్నాడు మళ్లీ ఓడాం.
కంప్రెసర్ దగ్గర ఆలస్యమై నేను మెట్టెక్కేసరికి
తెర నిండా అయ్యో, అయ్యో.
నా మాటని కాపీ చేసి అతికించినవాళ్లు చాలామంది.
ఒకడు యవత్తు ఎక్కడో పారేసుకుని
అయో అన్నాడు.
సరిదిద్దలేదు. ఏడుపులో అచ్చుతప్పులేమిటి.

నిన్న ఎవడో కొత్త కుర్రాడు అడిగాడు,
ఒక్క ఆటా వదలవు కదా, స్టేడియంలో నీ సీటెక్కడ అని.
కిందకి చూశాను.
చీకట్లో వరసలు వరసలుగా టిక్కీలు,
ఎర్రటి జనం,
చప్పుడు చేయకుండా కూచుని ఉన్నారు.
బాగా పైన, అని రాశాను. చల్లగా ఉంటుంది.
అదృష్టవంతుడివి, అన్నాడు.

అంతలో నాకు తుమ్మొచ్చింది.
కళ్లు తుడుచుకునేలోపు
మావాడెవడో ఇంటికి చేరాడు.
ఎవడో తెలీక
తెరని వేలితో వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతున్నాను.